పెళ్ళికి ఎంతమంది కావాలి?

1980లలో వైజాగ్‌లో ప్రేమించుకోవడం చాలా కష్టమైన పని. బీచ్ ఉంది కదా అంటారు ఇప్పటి పిల్లలు. బీచ్ ఉండటమే అసలు కష్టం. ఎండ తగ్గేసరికి ఊరు ఊరంతా రామకృష్ణా బీచ్‌కి వచ్చి కూర్చునేది. పోర్టువాళ్ళు, షిప్‌యార్డువాళ్ళు, నేవీవాళ్ళు, కేజీహెచ్ డాక్టర్లు, యూనివర్సిటీ మాస్టార్లు, వాళ్ళ అత్తగార్లు. మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని ఒక అబ్బాయి పక్కన కూర్చుంటే, పొట్లం ఖాళీ అయ్యేలోపే ఆ కబురు ఇంటికి చేరిపోయేది. జగదాంబలో మ్యాటినీకి వెళ్తే ఇంటర్వెల్‌లో మేనమామ ఎదురయ్యేవాడు. సింహాచలం బస్సెక్కితే పక్కసీట్లో ఎదురింటి పిన్నిగారు ఉండేవారు, కొంగున ముడుపు కట్టుకుని.

మాది రైల్వే కుటుంబం. దొండపర్తి క్వార్టర్స్‌లో పెరిగాను. నాన్న గూడ్స్ గార్డు. బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం తెచ్చే కొత్తవలస-కిరండూల్ లైన్లోనే ఎక్కువగా డ్యూటీ. ఆ ఖనిజం మా పోర్టు నుంచి జపాన్ వెళ్ళేది. నాన్న ఇంటికొచ్చేసరికి తెల్ల యూనిఫాం ఎర్రగా మారిపోయి ఉండేది. అమ్మ దాన్ని మిగతా బట్టలతో కలవనిచ్చేది కాదు. వాల్తేరు డివిజను అప్పుడు కలకత్తా కేంద్రంగా ఉన్న సౌత్ ఈస్టర్న్ రైల్వేలో ఉండేది కాబట్టి మా చుట్టుపక్కల బెంగాలీలు, ఒరియావాళ్ళు చాలామంది. ఎవరింట్లో చేప వేగుతోందో, ఎవరింట్లో మొగుడు అరుస్తున్నాడో అందరికీ తెలిసే గోడలు. పక్కింటి మాసీమా సగం తెలుగు, సగం బెంగాలీ కలిపి మాట్లాడేది. నేను యూనివర్సిటీ నుంచి ఆలస్యంగా వస్తే అమ్మకంటే ముందు ఆవిడే గుమ్మంలోకి వచ్చి అడిగేది, ఎందుకింత లేటని.

1926లో బెజవాడలో మొదలై తరవాత వాల్తేరు కొండల మీదికి వచ్చిన ఆంధ్రా యూనివర్సిటీలో నాది ఎమ్మెస్సీ బోటనీ. అతనిది వాతావరణ శాస్త్రం. అలాంటి డిపార్ట్‌మెంటు దేశంలో చాలా కొద్ది చోట్లే ఉండేది, ఆ గర్వం అతనికి కొంచెం ఎక్కువగానే ఉండేది. వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో పరిచయం. పుస్తకం చదువుతూ చదువుతూ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, డాల్ఫిన్స్ నోస్ వైపు చూసి, "సాయంత్రానికి వాన లేదు" అని ప్రకటించేవాడు. అతను అంత ఖాయంగా చెప్పిన రోజు నేను గొడుగు తీసుకెళ్ళడం అలవాటు చేసుకున్నాను. సముద్రపు గాలి ఏ వేళకి మొదలవుతుందో, తుఫాను కన్ను అంటే ఏమిటో, ఆ కన్ను ఊరిమీదికి వచ్చిన కాసేపూ గాలి ఎందుకు ఆగిపోతుందో, అన్నీ నాకు అతనే చెప్పాడు. నేను అతనికి చెట్ల పేర్లు చెప్పేదాన్ని. క్లాసులయ్యాక చినవాల్తేరు దాకా నడిచేవాళ్ళం, మధ్యలో ఇద్దరు మనుషులు నడిచేంత ఎడంగా. చెయ్యి పట్టుకోవడమంటే రోడ్డు దాటేటప్పుడే. ఇప్పటి పిల్లల లెక్కలో దాన్ని ప్రేమ అంటారో లేదో నాకు తెలీదు. అతను రాని రోజు నాకు అన్నం సహించేది కాదు, అది మాత్రం గుర్తుంది.

నాన్నతో పాటు పనిచేసే టీటీఈ ఒకాయన చూశాడు మమ్మల్ని, బీచ్‌లోనే. ఆయనది చాడీ చెప్పే స్వభావం కాదు. "మా అమ్మాయే అయితే నువ్వు నాకు చెప్పేవాడివి కదా" అన్నాట్ట నాన్నతో. ఈ మాటని ఇన్నేళ్ళలో నేను ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నానో. దానిలో తప్పు ఎక్కడుందో ఇప్పటికీ దొరకదు.

నాన్న కేకలు వెయ్యలేదు. విజయనగరం నుంచి పెద్దమ్మ పాసింజరెక్కి వచ్చింది. అనకాపల్లి నుంచి మావయ్య, గాజువాక నుంచి బాబాయి. వరండాలో నులకమంచం మీదా, కుర్చీల్లోనూ కూర్చున్నారు. నా జీవితం గురించి జరిగిన ఆ సమావేశంలో నేను చేసిన పనల్లా కాఫీలు అందించడమే. కులం వేరు, అక్కడితో సగం మాట అయిపోయింది. మిగతా సగం పెద్దమ్మ చెప్పింది. "కుర్రాడు మంచోడే అవొచ్చే. నీ తరవాత ఇద్దరున్నారు. రేపు ఆళ్ళని చూసుకోడానికి వచ్చినోళ్ళు ముందు నీ సంగతే అడుగుతారు." దానికి నా దగ్గర జవాబు లేదు. పెద్దమ్మ చెప్పింది నిజం. వచ్చినవాళ్ళు అడిగే తీరుతారు. అటు అతని తల్లి భోజనం మానేసింది.

రిజిస్టర్ పెళ్ళి ఆలోచన కూడా చేశాం. అతను ఆఫీసుకి వెళ్ళి కనుక్కొచ్చాడు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం ముందు నోటీసివ్వాలి, ఆ నోటీసు ఆఫీసు గోడమీద అంటిస్తారు, ముప్ఫై రోజుల్లో ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చు, ఆ తరవాతే పెళ్ళి, దానికి ముగ్గురు సాక్షులు. అతను ఇదంతా చదివి వినిపిస్తుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా బాబాయి దస్తావేజు లేఖరి. ఆ నోటీసు బోర్డు పక్కనే గొడుగు వేసుకుని కూర్చుంటాడు. ఊరి కళ్ళు తప్పించుకుని పెళ్ళి చేసుకుందామని వెళ్తే, మీకేమైనా అభ్యంతరమా అని సర్కారే ఊరిని అడుగుతానంటోంది!

ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. అతనికి పుణెలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే రోజు స్టేషన్‌కి నేను వెళ్ళలేదు. ఎలా వెళ్తాను? ప్లాట్‌ఫాం మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నాన్న స్నేహితులే.

మా వైపు దేవుడికి కూడా పెళ్ళిచూపులు తప్పవు. ఫాల్గుణ పౌర్ణమినాడు సింహాద్రి అప్పన్న కొండ దిగి వచ్చి, సోదరి పైడితల్లమ్మని పిల్లనివ్వమని అడుగుతాడు. డోలోత్సవం అంటారు దాన్ని. ఆ మాట ఖాయమయ్యాకే చైత్రశుద్ధ ఏకాదశికి కల్యాణం. అంత దేవుడే ఊరందరి ముందూ వెళ్ళి అడగాల్సి వస్తే ఇక గార్డుగారి అమ్మాయి ఎంత? ఓహాయోలో మెటలర్జీలో పీహెచ్‌డీ చేస్తున్న అనకాపల్లి అబ్బాయి సెలవు మీద వచ్చాడు. బొబ్బట్లు, కాఫీ, నాలుగు ప్రశ్నలు. పాటొచ్చా అని అడిగారు వాళ్ళ మేనత్త. రాదన్నాను. "పర్లేదు, నాకూ రాదు" అన్నాడు ఆ అబ్బాయి. ఆ రోజంతటిలో మనిషి మాట్లాడినట్టు వినిపించింది ఆ ఒక్క మాటే.

కట్నం ఇచ్చారు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది, మా పెళ్ళినాటికి దానికి పాతికేళ్ళు దాటిపోయాయి. ఆ మాట ఎత్తినవాళ్ళు లేరు. కులం కాని కుర్రాడికిస్తే పరువు పోతుందన్న పెద్దలెవరికీ, పీఎఫ్ మీద లోను తీసి లాంఛనాలు ఇవ్వడం పరువు తక్కువని తోచలేదు. మన సంస్కృతి, మన విలువలు అని ఎవరైనా గొంతు పెంచి మాట్లాడినప్పుడల్లా నాకు నాన్న ఆ లోను దరఖాస్తు నింపుతున్న రాత్రి గుర్తొస్తుంది. ఎదురింటాయన వచ్చి జామీను సంతకం పెట్టి, మా ఇంట్లోనే మజ్జిగన్నం తిని వెళ్ళాడు. అతనూ ఆ టీటీఈ లాంటివాడే. వద్దన్నప్పుడూ వాళ్ళే వచ్చారు, ఇచ్చి చేసేటప్పుడూ వాళ్ళే వచ్చారు.

పెళ్ళి టర్నర్ సత్రంలో, మార్గశిరంలో. ఆ నెల గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి జనం పోటెత్తుతారు. మా పెళ్ళివారు సగంమంది ముందు అమ్మవారి దర్శనం, తరవాత మా పెళ్ళి అని లెక్కేసుకుని వచ్చారు. జీలకర్ర బెల్లంలో బెల్లం మాత్రం తమ ఊరిదేనని అత్తవారు పట్టుపట్టి అనకాపల్లి నుంచి తెచ్చారు. తలంబ్రాల దగ్గర మా చెల్లెళ్ళు చేసిన అల్లరికి పురోహితుడు రెండుసార్లు మంత్రం మర్చిపోయాడు. రాత్రి భోజనాలయ్యాక మమ్మల్ని సత్రం బయటికి తీసుకొచ్చి, ఉత్తరానికి తిప్పి, "అదిగో సప్తర్షి మండలం, అందులో వశిష్ఠుడి పక్కన అరుంధతి, కనిపించిందా?" అన్నాడు. నాకు పూర్ణా మార్కెట్ లైట్లు కనిపించాయి. కనిపించిందన్నాను. పెళ్ళికొడుకూ కనిపించిందన్నాడు. వెనకాల నిలబడ్డ పాతికమందీ కనిపించిందన్నారు.

మర్నాడే పెళ్ళి సర్టిఫికెట్ కోసం పరుగు. సత్రంలో భోంచేసిన వందలమంది సాక్ష్యం అమెరికావాళ్ళకి చాలదు, కాగితం కావాలి. మన రాష్ట్రంలో పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని చట్టం వచ్చింది 2002లో. అప్పట్లో ఆ కాగితం అడిగితే గుమాస్తాలే వింతగా చూసేవారు. వీసాకి మద్రాసు వెళ్ళాలి, హైదరాబాదులో కాన్సలేట్ ఇంకో ఇరవై ఏళ్ళకి గానీ రాలేదు. నాన్న రైల్వే పాసు మీద మద్రాసు మెయిల్లో వెళ్ళి, తెల్లవారుజామునే లైన్లో నిలబడ్డాం.

కొలంబస్‌లో మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో. స్టూడెంటు భార్యకి ఉద్యోగం చేసే హక్కు లేదు. ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి నెల పట్టేది. ఫోను చెయ్యాలంటే ఇంట్లో ఇద్దరం ముందు కాగితం మీద రాసుకునేవాళ్ళం, ఏం మాట్లాడాలో. తీరా కలిసేసరికి అటునుంచి నాన్న "ఆరోగ్యం జాగ్రత్త, బిల్లవుతుంది పెట్టేయ్" అనేవాడు.

మొదటి చలికాలంలో పెద్ద గొడవ జరిగింది. కారణం చెప్పుకుంటే సిగ్గేస్తుంది, అంత చిన్నది. ఆయన రోజూ ల్యాబ్ నుంచి అర్ధరాత్రి రావడం, నేను పొద్దున్నుంచీ కిటికీలోంచి మంచు చూడటం, రెండూ కలిసి ఉప్మాలో ఉప్పు మీదికి వచ్చింది. చెప్పులేసుకుని బయటికి నడిచాను. దొండపర్తిలో అయితే మెట్లు దిగేలోపే మాసీమా అడ్డుపడేది. అమ్మకి కబురెళ్ళేది. రాత్రికి ఎవరో ఒక పెద్దాయన వచ్చి కూర్చుని ఇద్దరికీ తలో రెండు చీవాట్లు పెట్టేవాడు. అక్కడ పార్కింగ్ లాట్ దాకా వెళ్ళి నిలబడ్డాను. ఒకాయన కారు అద్దం మీద మంచు గీక్కుంటూ నన్ను చూసి "హాయ్" అని, కారెక్కి వెళ్ళిపోయాడు. చలికి ఓర్చుకోలేక వెనక్కి వచ్చేశాను. ఆ రాత్రి నాకు కోపం వచ్చింది ఆయన మీద కాదు, పెద్దమ్మ మీద. ప్రేమని ఆపడానికి పాసింజరెక్కి వచ్చిన మనిషి, ఈ గొడవ ఆపడానికి రాకపోతే ఎలా? ప్రేమని విడగొట్టిందీ పెళ్ళిని నిలబెట్టేదీ ఆ జనమే కదా. మొదటి పని చేసేసి, రెండో పని దగ్గరికొచ్చేసరికి మమ్మల్ని విమానమెక్కించి చేతులు దులుపుకున్నారు.

పెళ్ళికి ముందు సంగతి ఆయనకి ఆ వారమే చెప్పాను. చెప్పకూడదని మా పిన్ని ఒట్టు వేయించుకుంది గానీ, పిన్ని వైజాగ్‌లో ఉంది. మంచుకి బయటికి వెళ్ళే దారి లేదు, టీవీలో వచ్చేది అర్థం కాదు, ఇంకేం చెప్పుకుంటాం? ఆయన అంతా విన్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అతనికి వంటొచ్చా?" అన్నాడు.

"తెలీదు."

"నాకొచ్చు" అని లేచి వెళ్ళి బియ్యం కడిగాడు.

ఈర్ష్య పడి ఉంటాడు, పడకుండా ఎలా ఉంటాడు? కానీ అప్పట్నుంచి ఆ మనిషి మా ఇంట్లో ఒక రహస్యంగా కాకుండా ఒక బంధువుగా ఉండిపోయాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వైజాగ్ మీద తీరం దాటినప్పుడు, అమ్మకీ చెల్లెళ్ళకీ ఫోన్లు కలవక, యూనివర్సిటీలో మేం పేర్లు చెప్పుకున్న చెట్లన్నీ పడిపోయిన ఫొటోలు చూస్తూ నేను టెన్షన్‌తో చచ్చిపోతుంటే, ఈయన పక్కన కూర్చుని "మీ వాతావరణశాఖాయన ఏమంటున్నాడు?" అన్నాడు. కసురుకున్నాను. నవ్వూ వచ్చింది.

గొడవలకి ఈయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇద్దరం ఎడమొహం పెడమొహంగా ఉన్నప్పుడు ఉన్నట్టుండి మా పెద్దమ్మ గొంతుతో మాట్లాడేవాడు. "ఏటే గుంటా, గుంటడు అలిసిపోయి ఇంటికొస్తే మొహం అలాగెడతావేటి?" పెళ్ళిలో ఆవిడ మాట విన్నది కాసేపే, యాస మాత్రం అచ్చం దింపేశాడు. నేను మా అత్తగారి గొంతుతో జవాబు చెప్పేదాన్ని. ఇద్దరమే ఉన్న ఇంట్లో నలుగురం తిట్టుకునేవాళ్ళం. అలా పోగా పోగా ఎప్పుడు ప్రేమ మొదలైందో చెప్పమంటే చెప్పలేను. నా స్నేహితురాళ్ళు కొందరికి ఇదే నాలుగు గోడల ఒంటరితనం నరకమైంది. చెయ్యెత్తే మొగుడికి అడ్డుపడే మాసీమా అక్కడ ఉండదు. కాబట్టి పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళే నిలబడతాయని నేను ఎవరికీ చెప్పను. నాది నిలబడింది, ఈయన మంచివాడు కావడం వల్ల.

ఒకరాత్రి ఈయన యూనివర్సిటీ లైబ్రరీ నుంచి నక్షత్రాల పటం ఒకటి తెచ్చి నన్ను బాల్కనీలోకి లాక్కెళ్ళాడు. మన పెళ్ళిరోజు రాత్రి ఆ వేళకి వైజాగ్‌లో అరుంధతి అసలు ఉదయించనే లేదట. మార్గశిరంలో అది ఇంచుమించు అర్ధరాత్రికి గానీ పైకి రాదు. కొలంబస్ అంత ఉత్తరాన మాత్రం అరుంధతీ వశిష్ఠులు ఏడాది పొడుగునా అస్తమించరు. "చూడు, ఇదిగో" అని చూపించాడు. చూశాను. నిజంగానే జంట నక్షత్రం. అయినా టర్నర్ సత్రం ముందు అంతమంది కనిపించిందన్నాక కనిపించనట్టు ఎలా అవుతుంది, నేను ఒప్పుకోలేదు.

నెమ్మదిగా కొలంబస్‌లో మాకూ ఒక జనం తయారయ్యారు. ఉగాదికి స్కూలు కెఫెటీరియాలో వేపపువ్వు లేని పచ్చడి. మూడు గంటలు డ్రైవ్ చేసి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళడం, దర్శనం కంటే పులిహోర కోసం ఎక్కువ. మా అమ్మాయి పుట్టినప్పుడు గుంటూరు అక్కయ్యగారొకావిడ పదిరోజులు వరసగా పథ్యం వండి క్యారేజీ తెచ్చారు. రక్తసంబంధం లేదు, ఊరు కాదు, కులం ఏదో నేను అడగలేదు. ఆవిడ రుణం తీర్చుకోలేను.

అదే జనం పిల్లలు పెద్దవాళ్ళయ్యేసరికి మారిపోయారు. మేం విమానం ఎక్కిన రోజున ఇక్కడ ఏ పట్టింపులున్నాయో వాటిని జాడీలో పెట్టి మూత బిగించి తీసుకెళ్ళాం. ఇక్కడ ఊరేమో తన ఆవకాయ తాను ఏటేటా కొత్తగా పెట్టుకుంటూనే ఉంది. మాకు తెలిసినాయన ఒకరు, కొడుకు వేరే కులం అమ్మాయిని చేసుకుంటానంటే ఏడాది పాటు మాట్లాడలేదు. ఇద్దరూ తెలుగువాళ్ళే, ఇద్దరూ డాక్టర్లే. ఆయన ఉండే వీధిలో ఆయన కులం పేరు పలకగలిగిన మనిషి ఒక్కడు లేడు. ఇంకెవరి కోసం ఆ పంతం? ఆ ఏడాదే ఆయన సొంత తమ్ముడు గాజువాకలో కూతురికి కులాంతర వివాహం చేసి, స్టీల్‌ప్లాంటు స్నేహితులందరినీ పిలిచి భోజనాలు పెట్టాడు.

మా అమ్మాయి డేటన్ కుర్రాణ్ణి చేసుకుంటానంది. తెల్లవాడు. నేనేమీ అనలేదు, ఈయన ఏమీ అనలేదు, అనడానికి మా దగ్గర మొహం లేదు కదా. ఓహాయోలో పెళ్ళి లైసెన్సు ప్రొబేట్ కోర్టులో ఇస్తారు. నిరీక్షణ కాలం లేదు. ఈ రోజు తీసుకుని ఈ రోజే చేసుకోవచ్చు, అరవై రోజులు చెల్లుతుంది. సాక్షులు కూడా అక్కర్లేదు. నాకు చాలా వెలితిగా అనిపించింది. ముప్ఫై రోజుల నోటీసు నా పెళ్ళికి అడ్డమైనప్పుడు తిట్టుకున్నదాన్నే, తీరా ఎవ్వరినీ ఒక్క మాట అడగకుండా కాగితం చేతిలో పెడితే, ఇదేమిటి ఇంత తేలిగ్గా అయిపోయింది అనుకున్నాను. మనిషి బుద్ధి అంతే.

హిందూ వివాహ చట్టం వధూవరులిద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది కాబట్టి చట్టం పని అక్కడ కానిచ్చి, తంతు కోసం వైజాగ్ వచ్చాం. రుషికొండలో, సముద్రం ఎదురుగా. మా రోజుల్లో సంగీత్ అనేది ఉత్తరాది సినిమాల్లో చూసిందే. ఇప్పుడు మా చెల్లెలి పిల్లలు నెలరోజులు రిహార్సల్ చేసి మరీ ఆడారు. భీమిలిలో ఫొటో షూట్, నెత్తిమీద డ్రోను. అల్లుడికి పంచె రెండుసార్లు జారబోతే మా మరిది బెల్టు పెట్టాడు. సింహాచలం తీసుకెళ్ళి కప్పస్తంభాన్ని కౌగిలించుకోమంటే, ఎందుకని అడిగాడు. పిల్లలు పుడతారని మా అమ్మాయి చెప్పింది. "అప్పుడే వద్దు" అని వెనక్కి జరిగాడు. లైన్లో ఉన్నవాళ్ళందరికీ నవ్వే నవ్వు.

పెద్దమ్మకి ఇప్పుడు తొంభైకి దగ్గర. ఎంవీపీ కాలనీలో కొడుకు కొన్న ఫ్లాట్లో ఒక్కతే ఉంటుంది, పనమ్మాయి తోడు. కొడుకు టెక్సాస్‌లో. పెళ్ళిలో ముందు వరసలో వీల్‌చైర్లో కూర్చుని అంతా తానే నడిపించింది. "గుంటడు బాగున్నాడే. అన్నం చేత్తో కలుపుకుంటన్నాడు" అని అందరికీ చెప్పింది. తలంబ్రాలప్పుడు లేవలేకపోయినా గుప్పెడు బియ్యం అక్కణ్ణుంచే విసిరింది.

హడావుడి తగ్గాక ఒక మధ్యాహ్నం ఆవిడ ఫ్లాట్లో కూర్చున్నాను. ఉండబట్టలేక అడిగాను. "పెద్దమ్మా, అప్పుడు నాకు కులం అని అడ్డం పడ్డావు. ఇప్పుడు దీనికి దేశం కాని దేశం కుర్రాడైనా సరేనన్నావు. ఏమిటి నీ లెక్క?"

ఆవిడ తడుముకోలేదు. "అప్పుడు అందరి మధ్యా బతకాల్సొచ్చింది. ఇప్పుడు అందరూ ఎక్కడున్నారే? ఈ అపార్ట్‌మెంట్‌లో ఉన్నదంతా నాలాటి ముసిలోళ్ళే. ఒక్కరింట్లో పిల్ల ఏడుపు వినపడదు. ఎవరు ఎవర్ని చేసుకుంటే ఎవరడుగుతారు?" కాసేపాగి మళ్ళీ అంది, "మరి నువ్వు చెప్పు, ఆ బాబు ఎలాగున్నాడు? పిల్లలా?" అతనికి మనవలు కూడా ఉన్నారని విన్నానన్నాను. "మంచిది" అని, పనమ్మాయిని పిలిచి టీ పెట్టమంది. ఇన్నేళ్ళలో ఆవిడ అతని ఊసెత్తడం అదే మొదటిసారి. మర్చిపోలేదన్నమాట.

మేమిద్దరం ఇప్పుడు ఏడాదిలో ఎక్కువభాగం వైజాగ్‌లోనే ఉంటున్నాం, లాసన్స్ బేలో. దొండపర్తి క్వార్టర్స్ వైపు వెళ్ళాను గానీ మాసీమా వాళ్ళ ఆచూకీ తెలిసినవాళ్ళు దొరకలేదు. బీచ్‌లో సాయంత్రాలు ఎవరి పక్కన ఎవరు కూర్చున్నా ఎవరూ చూడటం లేదు. అందరి తలలూ ఫోన్లలో ఉన్నాయి. మంచిదే అనుకుంటాను. ఆ పిల్లల్లో ఎవరికైనా ఏదైనా కష్టమొస్తే ఎవరికి తెలుస్తుందా అని కూడా అనుకుంటాను.

పోయిన నెల కొలంబస్‌లో మా అమ్మాయికీ అల్లుడికీ ఏదో పెద్ద గొడవే అయినట్టుంది. నాకు చెప్పలేదు. వాళ్ళ నాన్నకీ చెప్పలేదు. ఆ సంగతి నాకు తెలిసింది పెద్దమ్మ ఫోను చేస్తే. మా అమ్మాయి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి, తనకొచ్చిన ముక్కల తెలుగులో అంతా ఆవిడకి చెప్పుకుందట. ఆ తరవాత అల్లుణ్ణి కూడా ఫోను దగ్గరికి పిలిపించి మాట్లాడిందట ఈవిడ. ఏ భాషలో మాట్లాడారో దేవుడికే తెలియాలి.

"ఏమైంది పెద్దమ్మా? ఏమంటోంది అది? దేనికి గొడవ?" అని గాభరాగా అడిగాను.

"అది నీకెందుకే? నువ్వు మధ్యలో దూరకు. రేపు ఇద్దర్నీ మళ్ళీ ఫోన్లో కూర్చోమన్నాను. నేను చూసుకుంటాను" అని పెట్టేసింది.